పసుపు పూసిన ఇరవై బిళ్ళలు

నాకు మా మరదలంటే కుళ్ళు. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది కానీ, ఉన్న మాట అదే. తమ్ముడి భార్య చీరలు చూసో నగలు చూసో ఏడ్చే ఆడబిడ్డలు ఊరికి పదిమంది ఉంటారు. నాది ఆ ఏడుపు కాదు. ఆమె చేతిలో మా బాపు సోల్డరింగ్ ఐరన్ కనిపిస్తే చాలు, నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

బాపుకు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్న రిపేరు దుకాణం ఉంది. ఒకప్పుడు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. అవి పోయి టీవీలొచ్చాయి, టీవీలు కూడా పోయి ఇప్పుడు మిక్సీలు, ఛార్జింగ్ లైట్లు మిగిలాయి. నాకు పదేళ్ళున్నప్పుడు ఆయన నా చేయి పట్టుకుని మొదటి టంకం పెట్టించాడు. కర్ర పిడి ఉన్న ఐరన్ అది. ఆయన బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి గుంట పడింది. నా వేలు అందులో పెడితే సగం మునిగిపోయేది. ఆ పొగ వాసన మీద మోజుతోనే నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఆ చదువుతో ఇప్పుడు చేస్తున్న ఘనకార్యం, కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని పేషంట్ల పేర్లు పిలవడం. డిప్లొమా సర్టిఫికెట్ బీరువాలో భద్రంగా ఉంది.

మరదలిది లింగంపేట దగ్గర ఊరు. ఇంటర్‌తో చదువు ఆపేసింది. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు బీడీలు చుట్టడం తప్ప మరో పని రాదు. తమ్ముడు మస్కట్ వెళ్ళాక రోజూ మధ్యాహ్నం బాపుకు అన్నం డబ్బా తీసుకుని దుకాణానికి పోయేది. అప్పటికే బాపు చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఆ వణికే చేతిలోంచి ఐరన్ తీసుకుని, "ఏడ పెట్టాలె మామా, సూపెట్టు" అందట. అంతే, ఇక ఆ చేతిలోంచి ఐరన్ దిగలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి బోర్డులు విప్పడం నేర్చుకుంది. వీడియోలో అర్థం కానిది బాపును అడిగేది. నేను నాలుగేళ్ళ కోర్సులో నేర్చుకోలేనిది ఆమె అన్నం డబ్బా కడిగే లోపల నేర్చుకున్నట్టు మాట్లాడేవాడు ఆయన.

నాలుగేళ్ళ కోర్సు అన్నాను. నిజానికి మూడేళ్ళే. కోపంలో ఒక ఏడాది కలిసింది.

ఒకసారి నేను దుకాణంలో కూర్చుని ఉండగా బాపు, "బిడ్డా, గా స్క్రూడ్రైవర్ అందియ్యి" అన్నాడు. నేను లేచాను. అప్పటికే మరదలు అందించింది. ఆయన పిలిచింది ఆమెనే. మంచినీళ్ళ కోసం లేచినట్టు నటించి, బాటిల్ మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టి కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పిలుపు నాదే అనుకున్నాను మరి.

దుకాణం ముందు ఒక బరువు తూచే మిషన్ ఉండేది. రూపాయి బిళ్ళ వేసి ఎక్కితే అంకెలు వెలిగేవి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, నాగిరెడ్డిపేట వైపు నుంచి సంతకొచ్చిన వాళ్ళు సరదాకు ఎక్కి దిగేవాళ్ళు. వానలకు లోపల బిళ్ళ పడే భాగం తుప్పు పట్టి, చాలా ఏళ్ళుగా అది ప్లాస్టిక్ సంచి కప్పుకుని మూలకు నిలబడి ఉంది. కిందటేడు బాపుకు దాన్ని మళ్ళీ నడిపించాలని పట్టుదల పుట్టింది.

"ఇది ఒక్కటి నడిస్తె సాలు. నడిపినోళ్ళ చేతుల నా ఐరన్ వెడ్త. ఇగ నా చేతులకు అది ఆగుతలేదు" అన్నాడు మా ఇద్దరి ముందే.

నవ్వుతూ అన్నాడు. మరదలు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఐరన్ నాకు కావాలి. అది ఆమెకు పోతే ఇక ఆ దుకాణానికి నేను పండుగకొచ్చి పోయే చుట్టాన్నే.

నేనే ఆన్‌లైన్‌లో కాయిన్ యాక్సెప్టర్ తెప్పించి, ఒక ఆదివారం ఎల్లారెడ్డి తీసుకువెళ్ళాను. అరచేయంత ప్లాస్టిక్ డబ్బా అది. ముందు బిళ్ళ వేసే సందు, వెనుక నాలుగు తీగలు, మూడు బటన్లు, ఎర్రగా వెలిగే ఒక చిన్న అంకె. రూపాయి అంటే ఏమిటో దానికి తెలియదు, మనమే నేర్పాలి. ఎన్ని రకాల బిళ్ళలు వస్తాయి, నేర్పేటప్పుడు ఒక్కో రకాన్ని ఎన్నిసార్లు వేస్తాం, ఎంత తేడా వరకు సర్దుకుపోవాలి, ఇవన్నీ ముందు బటన్లు నొక్కి చెప్పాలి. తర్వాత బిళ్ళలు ఒక్కొక్కటిగా వేస్తే వాటి వెడల్పు, మందం, లోహం గుర్తుపెట్టుకుంటుంది. ఆపైన ఏ బిళ్ళ వచ్చినా వాటితో పోల్చి చూస్తుంది. కలిస్తే మింగుతుంది, లేకపోతే కింది నుంచి కక్కుతుంది. మింగిన ప్రతిసారీ ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందుకుని తూకం అంకెలను వెలిగించడానికి నేను ఒక చిన్న కంట్రోల్ బోర్డు తయారు చేసుకుని వెళ్ళాను.

పన్నెండు వోల్టుల సప్లై ఇచ్చి, డబ్బా గ్రౌండు తీగను నా బోర్డు గ్రౌండుతో కలిపాను. ఆ రెండూ కలపకపోతే బిళ్ళ పడిన సంగతి బోర్డుకు చేరదు. కొత్తవాళ్ళందరూ తప్పు చేసేది ఇక్కడేనని మరదలికి వినపడేలా కాస్త గట్టిగానే చెప్పాను. ఆమె బుద్ధిగా తల ఊపింది. ఆ తల ఊపడం కూడా నాకు నచ్చలేదు.

"నేర్పడానికి ఇరవై రూపాయి బిళ్ళలు కావాలె బాపూ" అన్నాను.

మరదలు పర్సు తీయబోయింది. బాపు ఆగమని సైగ చేసి, దేవుని పటం వెనుక నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. పాత మిషన్ ఆగిపోయిన రోజు దాని కడుపులో మిగిలిన బిళ్ళలు అవి. ఖర్చు పెట్టడానికి మనసు రాక దాచి, ప్రతి పండుగకూ వాటికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేవాడు.

"బోణీ వీటితోనే జెయ్యి బిడ్డా" అన్నాడు. ఈసారి బిడ్డ నేనే.

"నా దగ్గర గూడ నాలుగైదు ఉన్నయి వదినె, కలిపి ఏద్దమా?" అంది మరదలు.

"అక్కర్లేదు" అన్నాను. బాపు ఇచ్చిన దాంట్లో ఆమె పైసలు కలవడం నాకు ఇష్టం లేదు. పసుపు పెచ్చులు రాలిపోయేలా కొంగుతో తుడిచి, ఇరవై బిళ్ళలూ వేశాను. మళ్ళీ అవే బిళ్ళలతో పరీక్షించాను. ఇరవైకి ఇరవై మింగింది, ప్రతిసారీ అంకెలు వెలిగాయి. బాపు నా వీపు తట్టాడు. బస్సెక్కి కామారెడ్డి చేరేదాకా ఆ ఐరన్‌ను మా ఇంట్లో ఏ గోడకు తగిలించాలా అని ఆలోచించాను.

మర్నాడు డ్యూటీలో ఉండగా మరదలు ఫోన్ చేసింది.

"వదినె, మిషన్ రూపాయి బిళ్ళను కక్కుతున్నది. రెండ్రూపాయల బిళ్ళను మాత్రం మింగుతున్నది."

"రెండ్రూపాయలది దానికి నేర్పనే లేదు. చూపెట్టిందే నేర్చుకుంటది అది. ఎట్ల మింగుతది? నువ్వేమన్న గెలికినవా?"

"లే వదినె, ఒట్టు."

ఆమే ఏదో కదిలించిందని నా నమ్మకం. గ్రౌండు తీగ చూడమన్నాను. చూసింది, బాగానే ఉంది. సప్లై చూడమన్నాను, సరిగ్గానే ఉంది. సంకేతం వేగం మార్చే చిన్న స్విచ్చు జరపమన్నాను, ఏమీ మారలేదు. చివరికి సర్దుబాటు అంకె బాగా పెంచమన్నాను. పెంచింది. సాయంత్రం ఫోన్ చేసి, "ఇప్పుడు బోల్టు వాషర్ ఏసినా మింగుతున్నది వదినె" అంది. ఆ అంకె మళ్ళీ తగ్గించమని చెప్పి పెట్టేశాను.

దాచుకోవడం ఎందుకు, ఆ వారం నాకు లోపల హాయిగా ఉండింది. నా చేతిలో నడిచింది, ఆమె చేతిలో ఆగింది. గురువారం ఆమె గొంతు తగ్గించి, "మామ మల్ల సంచి కప్పిండు వదినె. అన్నం గూడ సక్కగ తింటలేడు. ఒక్కపారి వచ్చి పోతవా?" అని అడిగింది. సెలవు దొరకదన్నాను. సెలవులు ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు ఆమె బతిమాలుకోవాలని ఉండింది, అందుకే పోలేదు.

ఆదివారం పొద్దున బాపే ఫోన్ చేశాడు. "బిడ్డా, నడుస్తున్నది! నువ్వు జెప్పినట్టె జేసిందట!"

నేనేం చెప్పానో నాకే తెలియదు. దొరికిన బస్సెక్కి వెళ్ళాను. మిషన్ చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ఒకామె చెప్పులు విప్పి మరీ ఎక్కి, అంకెలు చూసి, నమ్మకం లేనట్టు మొహం పెట్టి దిగుతోంది. బాపు పక్కన నిలబడి పెళ్ళికొడుకు తండ్రిలా అందరినీ పలకరిస్తున్నాడు.

మరదలు నన్ను దుకాణం లోపలికి తీసుకువెళ్ళి అరచేయి చాపింది. అందులో సబ్బుతో కడిగిన బాపు బిళ్ళ ఒకటి, ఇప్పటి రూపాయి ఒకటి, రెండు రూపాయల బిళ్ళ ఒకటి ఉన్నాయి. ఇప్పటి రూపాయిని బాపు బిళ్ళ మీద పెట్టింది. చుట్టూ అంచు మిగిలింది. రెండు రూపాయల బిళ్ళను పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. పాత రూపాయి ఇప్పటి రెండు రూపాయలంత పెద్దది. పసుపు చేతికంటించుకుంటూ వేసిన నాకు అది కనిపించలేదు. ఎవరి చేతిలోనూ లేని రూపాయిని నేను ఆ డబ్బాకు నేర్పి వచ్చాను.

"కట్ట కట్టేటప్పుడు పొట్టి బీడీ వేలికి తెలుస్తది వదినె. గిది గూడ గట్లనె తెలిసింది" అంది. చాయ్ బండి దగ్గర, పాన్ డబ్బా దగ్గర బిళ్ళలు అడిగి తెచ్చి, మురికివీ అరిగినవీ అన్నీ కలిపి, ఇప్పటి రూపాయిలో ఉన్న రెండు సైజులనూ వేరువేరుగా నేర్పిందట. పాత పెద్ద బిళ్ళను మిషన్ జ్ఞాపకంలోంచి తీసేసిందట.

"నేను జెప్పిన్నని బాపుకెందుకు జెప్పినవ్?"

"సూపెట్టిందె నేర్సుకుంటదని నువ్వే గద వదినె జెప్పింది? గా మాటనె వట్టుకున్న" అంది, అందులో పెద్ద విశేషం లేనట్టు.

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు దొరుకుతుందేమోనని వెతికాను. దొరికితే నాకు ఎంతో తేలికయ్యేది. దొరకలేదు, నా ఒళ్ళు ఇంకా మండింది.

బాపు లోపలికి వచ్చి టేబుల్ మీది ఐరన్ తీశాడు. "కామారెడ్డిల కూసొని ఫోన్ల నడిపింది నా బిడ్డ" అని దాన్ని నా ముందు పెట్టాడు. అది ఆయన వణికే చేతిలో ఊగుతోంది. నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. మరదలు నా వైపు చూడలేదు, వైర్లు చుడుతూ కూర్చుంది. నేను రెండు చేతులా అందుకున్నాను. పాత పేపరు చుట్టి నా సంచిలో పెట్టింది కూడా ఆమెనే.

లింగంపేట దాటాక బస్సులో పేపరు విప్పాను. పిడి పట్టుకుని, బాపు గుంటలో బొటనవేలు పెడదామని వెతికాను. గుంట లేదు. పిడి చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి ఉంది. ఆమె సన్నటి వేళ్ళకు పట్టు దొరికేలా చుట్టుకున్నది. నా చేతికి అది కుదరలేదు. దిగి, ఎదురొచ్చే బస్సెక్కి వెనక్కి పోవాలనిపించింది. పోలేదు.

వారం తర్వాత మరదలు ఫోన్ చేసి, "వదినె, కామారెడ్డిల ఐరన్ దొరుకుతే ఒకటి పంపుతవా? మిక్సీలు ఆగినయి" అని అడిగింది. ఉన్నవాటిలో మంచిది కొని, అదే రోజు బస్సులో పంపాను. సాయంత్రం బాపు ఫోన్ చేశాడు.

"కోడలికి కొత్తది పంపినవట. నీ మనసు పెద్దది బిడ్డా" అన్నాడు.

పాతది బీరువాలో, నా సర్టిఫికెట్ పక్కన ఉంది. ఆ రబ్బరు ముక్క విప్పితే కింద బాపు గుంట అలాగే ఉంటుంది. విప్పడానికి నాకు ఇప్పటికీ చేతులు రాలేదు.