ఎండను కొలిచినవాడు

కంబదూరు దారిలోని మా చేను దగ్గర జీపు ఆగిందంటే కరువు లెక్కలకే అనుకునేవాళ్లం. అందుకే ఆ ఏడు ఒక ఇంజనీరు దిగి, "ఇక్కడ మబ్బులు బాగా పడతాయాండీ?" అని అడగ్గానే నాయన పాత పాఠం అప్పజెప్పాడు.

"మబ్బు యాడిది సార్? వానెట్లుంటాదో మర్చిపోయినాం."

అంతకుముందు వచ్చిన అధికారులు ఈ మాటకు ఉత్తుత్తికైనా మొహం వేలాడేసేవారు. ఇతను నవ్వాడు. "చాలా మంచిదండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా చేను ఎండితే ఇతనికేం మంచి?

ఎండతో కరెంటు తీసే కంపెనీ మనిషట. చేను గట్టున ఇనుప స్తంభం నాటి, దాని నెత్తిన బోర్లించిన గాజు గిన్నెలాంటిది బిగించాడు. ఎండ ఎంత కాస్తుందో అది కొలుస్తుందట. ఏడాది చూసి, సరిపోతే చేనంతా కౌలుకు తీసుకుంటామన్నాడు. మాకున్నది ఆ ఒక్క చేనే. అయినా మా ఎండను కొలవడానికి యంత్రమెందుకు? చెప్పులు విప్పి నాలుగడుగులు వేస్తే తెలియదూ? మా వైపు నేలల్లో వజ్రాలు దొరుకుతాయంటారు, ఇతను వాటి కోసమే వచ్చాడేమోనని నా అనుమానం.

"వద్దు నాయనా. ఆయప్ప నవ్వు నాకు నచ్చల్యా" అన్నాను.

"ఊరికే కాసే ఎండకు కౌలిస్తామంటాండారు. వద్దనేదానికి నాకేమన్నా పిచ్చా?"

నాయన రోజూ ఆ గాజు మీది దుమ్ము తుడిచేవాడు. నేను ఎవరూ లేనప్పుడు స్తంభం మొదట్లో తవ్వి చూశాను. మట్టి తప్ప ఏమీ లేదు. అనుమానం మాత్రం పోలేదు.

మరుసటి ఏడు, వేరుశనగ ఊడలు నేలలోకి దిగే రోజుల్లో, కౌలు మాట ఖాయం చేసుకోవడానికి అతను మళ్లీ వచ్చాడు. వాన లేక మొక్కలు వాడిపోతున్నాయి. మాట్లాడుతుండగానే పడమట మబ్బు లేచింది. చినుకులు పడ్డాయి. నాయన తలపాగా తీసి మొహం పైకెత్తాడు.

అతను గాజు గిన్నె వైపు చూసి, "ఛ, ఈ రోజు పాడైపోయింది" అన్నాడు.

నాయన మెల్లగా అతని వైపు తిరిగాడు.

"నీ గిన్నె పెరుక్కోని పోప్పా."

"అదేంటండీ? ఇక్కడ వాన పడదని మీరే చెప్పారుగా?"

"అబద్ధం చెప్పినా. ఈడ వాన బాగా పడ్తాది."

జీపు మలుపు తిరగకముందే చినుకులు ఆగిపోయాయి. నా పంతమే నెగ్గింది, సంతోషపడాల్సింది. నాయన ఒక మొక్క మొదట్లో మట్టిని కాలి బొటనవేలితో కెలికాడు. లోపలంతా పొడి. నేను చూశానేమోనని గబగబా కాలితో కప్పేశాడు. నాకు ఏడుపొచ్చింది.