వింగులోంచి అందిన మాట

నాకు దయ్యాలంటే భయమూ లేదు, నమ్మకమూ లేదు. మా చంటాడికి జ్వరమొస్తే గాలి సోకిందని తాయెత్తు పట్టుకొచ్చిన మేనత్తతో ఏడాదిపాటు మాట్లాడటం మానేసిన మనిషిని. కొవ్వూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. చేతబడి, గీతబడి అని పిల్లలెవరైనా నోరెత్తితే ఆ పూట వాళ్ళకి మూడినట్టే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి "ఈవిడ మొదట్నుంచీ ఆ బాపతే" అని కొట్టిపారేస్తారేమోనని. నేను ఆ బాపతు కాదండి. కాకపోబట్టే ఇంత అవస్థ.

నాకున్న పిచ్చల్లా నాటకాలు. కొవ్వూర్లో మాదో చిన్న బృందం, అందరూ ఉద్యోగాలూ వ్యాపారాలూ ఉన్నవాళ్ళే. ఎరువుల కొట్టు భాస్కరరావు గారు మా దర్శకుడు, పెద్ద వేషం కూడా ఆయనే వేస్తారు. నాటిక రాసిచ్చేది సూర్యం మాస్టారు. డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరై, గోదావరికి అవతల రాజమండ్రిలో స్థిరపడ్డారు. రాయడమే కాదు, మా ప్రాంప్టరు కూడా ఆయనే.

ప్రాంప్టింగంటే పక్కన నిలబడి కాగితం చూసి చదవడమే కదా అనుకుంటారు చాలామంది. ఆయన చేతిలో కాగితం ఉండేది కాదు. స్టేజి పక్కన వింగులో, తెర చాటున నిలబడి మా మొహాలు చూస్తుండేవారు. మాట మర్చిపోయామని మాకు తెలిసేలోపే ఆయనకి తెలిసిపోయేది. "ఊఁ" అని గొంతు సవరించుకుని మొదటి రెండు మాటలు అందించేవారు. మిగతాది మనకే వచ్చేసేది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినబడేది కాదు, మనకి మాత్రం చెవి పక్కన నిలబడి చెప్పినట్టుండేది.

ఆయన ఆఖరుగా రాసింది "రేవులో కెమెరా". కథ చిన్నదే. ఒక పడవవాడు గోదాట్లో మునిగిపోతున్న ఆడమనిషిని ఈది వెళ్ళి కాపాడతాడు. టీవీవాళ్ళొస్తారు. వాళ్ళొచ్చేసరికి అంతా అయిపోయింది కదా, మళ్ళీ ఒక్కసారి దూకి చూపించమంటుంది యాంకరమ్మాయి. దూకుతాడు. ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంటుంది. ఆ రుచి మరిగి కెమెరా కనబడితే చాలు దూకేస్తుంటాడు. ఆఖరికి ఒకనాడు నిజంగా ఎవరో మునిగిపోతూ కేక పెడితే, ఒడ్డున కెమెరా ఎక్కడుందా అని ఒక్క క్షణం వెతుక్కుంటాడు. ఆ క్షణంలో మనిషి పోతుంది.

పడవవాడు భాస్కరరావు గారు, యాంకరు నేను. తణుకులో పోటీలకి తీసుకెళ్దామని ఆయన పట్టుదల. రిహార్సల్స్ మొదలెట్టకముందు కొన్ని ఆదివారాలు కేవలం కూర్చుని చదువుకున్నాం. ఒక్కో మాటా పట్టుకుని, ఇందులో మంచివాళ్ళెవరు, చెడ్డవాళ్ళెవరు అని తెగ కొట్టుకునేవాళ్ళం. భాస్కరరావు గారైతే టీవీలనీ యూట్యూబునీ శాపనార్థాలు పెట్టేవారు. ఈ యాంకరు ఉత్త రాక్షసండీ, నేను చెయ్యనండీ అని ఒకసారి మాస్టారి మీద విసుక్కున్నాను కూడా.

ఆయన నవ్వేసి, "రాక్షసిని రాయలేదమ్మాయ్. పని బాగా తెలిసినదాన్ని రాశాను. నువ్వు అరవకు. మంచినీళ్ళు అడిగినంత మర్యాదగా దూకమని అడుగు. అప్పుడే జనానికి ఒళ్ళు జలదరిస్తుంది" అన్నారు.

ఆ మర్యాద నాకు పట్టుబడేలోపే ఆయన పోయారు. శ్రావణమాసంలో, గుండెపోటు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, అంతే.

వాళ్ళావిడ కాంతమ్మ గారు. పిల్లల్లేరు. పన్నెండో రోజు భోజనాలయ్యాక నన్ను వంటింట్లోకి పిలిచి, "పద్మా, మీ ఫోన్లలో ఎక్కడైనా ఆయన గొంతుందేమో చూస్తావా?" అనడిగారు. ఇంటి నిండా ఫొటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదట. ఆయన ఫోను వాడకమే అంతంతమాత్రం. ఉన్నది బటన్ల ఫోను, వాయిస్ మెసేజులూ గట్రా ఏమీ లేవు. పెళ్ళిళ్ళ వీడియోల్లో కనిపిస్తారు గానీ, మాటలకి బదులు వాటి నిండా పాటలే. "ఆయన నాటకాలన్నిటికీ వెళ్ళానమ్మా. హాల్లో అందరి గొంతులూ వినబడేవి, ఆయనదొక్కటే వినబడేది కాదు. ఇప్పుడు ఇల్లూ అలాగే ఉంది" అన్నారావిడ. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అందరం ఫోన్లన్నీ తిరగేశాం. పాత రిహార్సళ్ళ వీడియోలు బోలెడున్నాయి. మా అరుపులూ, ఆటోల హారన్లూ, టీ తెచ్చినవాడి దగ్గు కూడా ఉంది. మాస్టారి గొంతు ఒక్క ముక్క లేదు. వినబడకుండా మాట అందించడమే కదా ఆయన పనితనం.

దసరా సెలవులయ్యాక మళ్ళీ మొదలెట్టాం. మేం రిహార్సల్ చేసేది మెయిన్ రోడ్డు పక్కన ఒక మేడ మీది హాలు. ఒక చివర చిన్న స్టేజి. కుడి వింగు వెనక గోడే, తలుపుగానీ కిటికీగానీ లేవు. ఆ చోటు ఖాళీగా వదిలేశాం. వేరే ప్రాంప్టర్ని పెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. హాల్లో మేం ఐదుగురమే. తప్పులు చూసుకోవడానికి భాస్కరరావు గారు తన ఫోను స్టాండుకి తగిలించి రికార్డింగు పెట్టారు. మొదటి రంగం నడుస్తోంది. పడవవాడు తడిబట్టలతో నిలబడ్డాడు, నేను మైకు పట్టుకుని దగ్గరికెళ్ళి దూకమని అడగాలి. మాట పోయింది. అన్ని ఆదివారాలు అరగదీసి చదివిన మాట, నోట్లోంచి ఎగిరిపోయింది.

"ఊఁ... మళ్ళీ ఒక్కసారి."

అందుకున్నాను. "మళ్ళీ ఒక్కసారి దూకండి బాబాయిగారూ, ఇందాక మా కెమెరా రాలేదు" అన్నాను. మాస్టారు అడిగిన మర్యాద ఆ రోజు దానంతటదే పలికింది. రంగం పూర్తి చేసి, అలవాటుగా కుడి వింగు వైపు తిరిగి "థాంక్సండీ మాస్టారూ" అనబోయాను.

అప్పుడు గుర్తొచ్చింది. స్టేజి మీదే కూలబడిపోయాను.

మాస్టారు మాట అందించారని చెప్పాను. స్టేజి మీద నా పక్కనే ఉన్న భాస్కరరావు గారితో సహా ఎవరూ ఏమీ వినలేదు. ఎండకి కళ్ళు తిరిగుంటాయి మేడం అని మంచినీళ్ళిచ్చారు. నేనూ అదే అనుకుందామని చూశాను. భాస్కరరావు గారు ఫోను తీసి, ఆ ముక్క పెట్టారు. అందరం చుట్టూ మూగాం. ఫ్యాను చప్పుడు, నా మాట ఆగిపోవడం, ఆ తర్వాత సన్నగా గొంతు సవరింపు, ఆ రెండు మాటలు. ఐదుగురం విన్నాం. ఇంకోసారి పెట్టుకుని విన్నాం. భాస్కరరావు గారు చెంపలు తడిచిపోతున్నా తుడుచుకోలేదు.

నాకు భయం వెయ్యలేదు. కాంతమ్మ గారే గుర్తొచ్చారు. "ఇప్పుడే వెళ్దాం పదండి, వంతెన దాటితే ఇల్లు" అన్నాను. భాస్కరరావు గారు ఈ అవతారాలతోనా అన్నారు. స్నానం చేసి, పళ్ళూ పువ్వులూ పట్టుకుని, రేప్పొద్దున్న పద్ధతిగా వెళ్దాం అన్నారు. అదీ సబబుగానే అనిపించింది. తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఆ రాత్రి ఆయన ఆ ముక్క కత్తిరించి, సౌండు పెంచి, మా బృందం పేరున్న యూట్యూబు ఛానెల్లో పెట్టేశారు. దుర్బుద్ధితో కాదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. కింద ఆయన రాసింది కూడా నాకు గుర్తే. "జీవితమంతా తెర వెనకే ఉండిపోయిన మా మాస్టారిని ఇప్పటికైనా లోకం వినాలి" అని. జన్మలో చప్పట్లన్నవే ఎరగని మనిషికి పేరు తెద్దామనుకున్నారు పాపం.

తెల్లారేసరికి కొవ్వూరంతా అదే. మధ్యాహ్నానికి ఎవరెవరో దాన్ని తీసుకుని, కింద భయంకరమైన మ్యూజిక్ కలిపి, మీద ఎర్ర అక్షరాలతో "స్టేజి మీద ప్రేతాత్మ" అని తగిలించారు. ఒక ఛానెల్ వాళ్ళయితే గొంతు సరిగ్గా వినబడట్లేదని వాళ్ళ సొంత గొంతే అతికించారు, చివర్లో ఒక వికటాట్టహాసంతో సహా. భాస్కరరావు గారికి ఫోన్ల మీద ఫోన్లు. కొట్టు ముందు జనం. రాజమండ్రి వెళ్దామనుకున్న పొద్దున్న కాస్తా సాయంత్రమైంది, సాయంత్రం మర్నాడైంది.

మర్నాడు స్కూలు నుంచి వస్తూ హాలు ముందు వ్యాను చూసి పైకెళ్ళాను. లోపల లైట్లు, కెమెరాలు. భాస్కరరావు గారు పడవవాడి వేషంలో, పంచె ఎగ్గట్టి, తలపాగా చుట్టుకుని స్టేజి మీద నిలబడున్నారు. నెత్తి మీద చెంబుడు నీళ్ళు కూడా పోసుకున్నారు. ఛానెలబ్బాయి నన్ను చూసి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఎంత మర్యాదస్తుడో.

"మేడం, మళ్ళీ ఒక్కసారి ఆ డైలాగ్ మర్చిపోండి. మొన్న మా కెమెరా లేదు కదండీ" అన్నాడు.

మంచినీళ్ళు అడిగినట్టే అడిగాడు. నాకు వెన్నులోంచి చలి పుట్టింది. భాస్కరరావు గారి వైపు చూశాను. ఆయనా విన్నారు. నాతో కలిసి అన్ని ఆదివారాలు ఆ మాట చదివిన మనిషి. మొహం నల్లగా మాడిపోయింది. మెల్లిగా తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నారు.

"పదమ్మా, వెళ్దాం" అన్నారు. ఆ తడిపంచెతోనే కారెక్కారు. వంతెన దాటేశాం.

కాంతమ్మ గారికి అప్పటికే తెలిసిపోయింది. పక్కింటివాళ్ళు పిలిచి మరీ టీవీలో చూపించారట. "అది ఆయన కాదు. ఆయన జన్మలో అలా నవ్వలేదు" అన్నారు మమ్మల్ని చూడగానే. అది వాళ్ళు అతికించింది పిన్నిగారూ, అసలుది మా దగ్గరుంది అని, భాస్కరరావు గారు ఆవిడ పక్కన కింద కూర్చుని ఫోను పెట్టారు.

ఫ్యాను చప్పుడు. నా మాట ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు. తర్వాత నా గొంతే, దూకండి బాబాయిగారూ అంటూ.

మధ్యలో ఏమీ లేదు.

ఆయన కంగారుగా వెనక్కి జరిపి మళ్ళీ పెట్టారు. సౌండు పెంచారు. ఆవిడ చెవికి ఆనించారు. అది కత్తిరించింది కాదు, ఆదివారం తీసిన మొత్తం వీడియో. ఎవరూ ముట్టుకోనిది. యూట్యూబులో పెట్టింది తెరిచి చూస్తే దాన్లోనూ లేదు. కింద మాత్రం "స్పష్టంగా వినబడింది" అని వందలమంది రాసున్నారు. "ఒట్టు పిన్నిగారూ, విన్నామండీ, అందరం విన్నామండీ" అంటూ ఆయన చిన్నపిల్లాడిలా బావురుమన్నారు. నేను గోడకి జారగిలబడిపోయాను. ఆవిడ ముందు ఇంత దొంగలమయ్యామా అనిపించింది.

కాంతమ్మ గారు ఆ ఫోను చేతిలోకి తీసుకుని, ఆ ముక్కే ఇంకోసారి చూశారు. ఈసారి వినలేదు, చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"నువ్వు వింటున్నావు కదమ్మా ఇందులో" అన్నారు.

చూశాను. నిజమే. మాట ఆగిపోయాక నా తల కుడి పక్కకి కాస్త వాలింది. ఒక్క క్షణం అలాగే ఉండి, చిన్నగా ఆడించి, అప్పుడు మాట అందుకున్నాను. నేనలా చేశానని నాకే తెలీదు.

"ముందు గొంతు సవరించుకున్నారా?" అనడిగారు.

ఆ సంగతి మేమింకా ఆవిడకి చెప్పలేదు. అవునండీ అన్నాను.

"ఏమన్నారు?"

"ఊఁ... మళ్ళీ ఒక్కసారి, అన్నారండీ." నాకు వచ్చినంతలో ఆయన అన్నట్టే, మెల్లిగా, ముందు వరసకి వినబడనంత మెల్లిగా అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు.

"మళ్ళీ ఒక్కసారి అనమ్మా" అన్నారు.

అన్నాను. ఆ సాయంత్రం ఎన్నిసార్లన్నానో నాకే తెలీదు. భాస్కరరావు గారు వీధిలోకి వెళ్ళి నిలబడిపోయారు. తణుకు పోటీలకి మేం వెళ్ళలేదు. ఆయన మళ్ళీ మొహానికి రంగు వేసుకోలేదు.

ఫోన్లు బాగుచేసేవాళ్ళకి చూపించాను, మా స్కూల్లో కంప్యూటరు చెప్పే మాస్టారికి చూపించాను. రికార్డయిన శబ్దం దానంతటది చెరిగిపోదన్నారు. అసలు రికార్డే కాలేదేమో అన్నారు. అయితే మేం ఐదుగురం విన్నదేమిటి? అందరికీ ఒకే భ్రమ, ఒకే క్షణాన, అవే రెండు మాటలా? పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే గదమాయించి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు నన్ను నేను గదమాయించుకోలేకపోతున్నాను.

నెలకోసారైనా కాంతమ్మ గారింటికి వెళ్తుంటాను. కాఫీ ఇస్తారు, ఆ కబురూ ఈ కబురూ చెబుతారు. లేచేముందు అడుగుతారు, నేను అంటాను. ఆదివారం ఆ ఎండలోనే, ఆ చెమట బట్టలతోనే వంతెన దాటేసుంటే ఆవిడ నా గొంతుతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది కాదు.