ఖైరున్నీసా మేడం గుర్తుపట్టిన దుర్బీను

షాద్‌నగర్ బస్టాండు వెనకున్న ఇంటర్నెట్ సెంటర్లో ఆ సాయంత్రం ఉన్నవాళ్లం నలుగురం: సెంటర్ నడిపే సలీం, పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు, నేను. ఉన్న వస్తువులు: మూడు కంప్యూటర్లు, వాటిలో పనిచేసేది ఒకటి, తిరగని ఫ్యాను, ఒక మోడెం. అమ్మాయిలు పాసయ్యామని నవ్వుకుంటూ వెళ్లాక కుర్చీ నాకు దొరికింది. నేను ఇక్కడి ఒక ఇత్తడి విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తాను. పాత కొలత పరికరాలంటే ఇష్టం. విదేశాల్లో జనం ఇంటర్నెట్‌లో హర్రాజు పెట్టే సామాన్లు చూడడం నాకున్న ఒకే ఒక వ్యసనం. మోడెం కీచుమని అరిచి, గరగరలాడి, చివరికి ఒక ఫోటోను పైనుంచి కిందికి సన్నటి పట్టీలుగా దింపడం మొదలుపెట్టింది. మొదట ఒక గుండ్రటి అద్దం వచ్చింది. తర్వాత దానికి ఎదురుగా ఒక ఇత్తడి రింగు.

"గిదేంది యాదన్నా, అద్దాల దుకానమా?" అన్నాడు సలీం.

"ఆగు. మొత్తం రానీ."

రింగు కింద బొడిపె, అద్దం కింద మరో బొడిపె, ఆ రెంటినీ మోస్తూ పొడవాటి ఇత్తడి గొట్టం వచ్చాయి. కింద అమ్మేవాడి వివరణ ఉంది: ఓడ కెప్టెన్ వాడిన దుర్బీను, పైన ఉన్న అద్దం తర్వాత ఎవరో గడ్డం గీసుకోవడానికి తగిలించుకున్నది. పదమూడు పద్నాలుగేళ్లుగా మరిచిపోయిన ఇత్తడి వాసన, చేతికి అంటుకుంటే సబ్బుతో కూడా పోని వాసన, ఒక్కసారిగా ముక్కుకు తగిలినట్టయింది. ఆ గొట్టాన్ని నేను ఈ చేతులతో పట్టుకున్నాను. అదే కాకపోతే దాని కవలను.

నేను చదివిన పాలిటెక్నిక్ నల్గొండ దగ్గర ఉంది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఎనభైల మధ్యలో అక్కడ మాకు సర్వే చెప్పింది ఖైరున్నీసా మేడం. మనిషి పొట్టి. ఉదయం వస్తూనే బురఖాను ల్యాబు తలుపు వెనక మేకుకు తగిలించి, కొంగు నడుముకు దోపి, కాన్వాసు బూట్ల లేసులు కట్టుకునేది. సివిల్ విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఎండలో నేల కొలిచే గొలుసు లాగే పని ఆడవాళ్లకు ఎందుకని స్టాఫ్ రూములో ఆమె వినేటట్టే అనేవారు. ఆమె మమ్మల్ని వెంటబెట్టుకొని ఎండలోకి నడిచేది. ఆమె ల్యాబులో ఒక నియమం ఉండేది: వస్తువును చూపిస్తే పేరు చెప్పకూడదు. ఏం కనిపిస్తున్నదో, ఏది కదులుతున్నదో, ఏది కదలడం లేదో చెప్పాలి. పేరు అన్నిటికన్నా చివర. మొదటి వారంలో ఆమె బీరువా అడుగునుంచి ఒక గొట్టం తీసి బల్లమీద పెట్టగానే, నేను ఉత్సాహం ఆపుకోలేక "దుర్బీన్ మేడం!" అని అరిచాను.

"నిలబడు," అంది. "పేరు ముందుగాల చెప్తే ఇగ కండ్లు పన్జెయ్యవు బేటా. దీని మీద రెండు బొడిపెలున్నయి, కనబడ్డయా నీకు?"

కనబడలేదు. అప్పుడు చూశాను. గొట్టం వీపున రెండు ఇత్తడి బొడిపెలు. కంటి వైపుది తిరుగుతుంది, ముందుది తిరగదు. వాటి మధ్య దూరం క్లాసంతా కొలిచాం, ఆరుంబావు అంగుళాలు వచ్చింది. గొట్టంలోంచి కిటికీ బయటికి చూస్తే చింతచెట్టు తలకిందులుగా ఉంది. పాడైన ఓడ దుర్బీనని సీనియర్లు చెప్పుకునేవారు. "ఓడలు తలకిందుల కనబడితే కెప్టెన్ ఏం జేస్తడు, శీర్షాసనం ఏస్తడా?" అంది మేడం. సర్వే దుర్బీన్లలో బొమ్మ తలకిందులుగానే కనిపిస్తుందని ఆమె మాకు చెప్పింది. మరి బొడిపెలెందుకు? ఆమె వేలితో వెనక బొడిపెను మెల్లగా తిప్పుతూ ఉండిపోయింది. "దీని మీద ఉన్నది తిరగాలె. ముందలది తిరగొద్దు. రోజంతా తిరిగేది ఏంది?" అని అడిగింది. వెనక బెంచీలోంచి నరసింహ "బస్ కండక్టర్" అన్నాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వి, "సూర్యుడు" అంది. వెనక ఉన్నది అద్దమని, ముందున్నది రింగని, ఆ రింగులోంచి ఎండను దూరపు గుట్ట మీదికి కొట్టి, అక్కడి సర్వేవాళ్లకు గురి చూపే హీలియోట్రోప్ అని ఆమె నిర్ణయానికి వచ్చింది. అద్దం, రింగు ఎప్పుడో పోయాయి. పుస్తకంలో బొమ్మ లేదు. ఆమె మాట తప్ప సాక్ష్యం లేదు.

అందుకే మమ్మల్ని ఊరి గుట్ట ఎక్కించింది. మా కాలేజీ ఆ గుట్టకు తూర్పున ఉంది, పొద్దున్నే ఎండ మాకు ఎదురుగా పడుతుంది. నరసింహ తన గడ్డం గీసుకునే అద్దం ఇచ్చాడు. దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో వెనక బొడిపెకు కట్టాం. రింగు లేదు. మేడం చేతి లక్కగాజు ఒకటి తీసి, దాని అంచును అగ్గిపుల్లతో కరిగించి ముందు బొడిపెకు అతికించింది. గొట్టాన్ని కాలేజీ మిద్దె మీదికి గురిపెట్టి, అద్దంలోని వెలుగు గాజు నడిమిలోంచి పోయేదాకా బొడిపెను తిప్పింది. తర్వాత నన్ను పిలిచి కన్ను పెట్టమంది. మిద్దె మీద ఒక మనిషి తలకిందులుగా వేలాడుతూ ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. "మేడం, ప్రిన్సిపాల్ సారు!" అని అరిచాను. మా వెలుగు అందితే ఊపమని ఆమె ఆయన్ను ముందే ఒప్పించింది. పట్టపగలు చుక్క పొడిచినట్టుందని ఆయన తర్వాత చెప్పాడు. ఆ పూట గుట్ట దిగుతూ మేం చేసిన గోల ఊరంతా విన్నది.

కానీ ఆ నెలలోనే స్టోర్స్ తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆమె గొట్టం చూపించి, గుట్ట మీద జరిగింది చెప్పింది. ఆయన నవ్వాడు. "అద్దం కడితె చెమ్చా గూడ మెరుస్తది మేడం. చెమ్చాకు గూడ ఏదన్న పెద్ద పేరు పెడ్తరా?" అన్నాడు. విరిగిన దుర్బీనని తీర్మానించి పాత ఇనుముతోపాటు హర్రాజులో పెట్టించాడు. గిన్నెల వ్యాపారి ఒకడు తూకానికి కొనుక్కుపోయాడు. ముందు బొడిపె మీద ఎర్రటి లక్క అంటుకొనే ఉంది. ఆమె చెప్పింది నిజమని తేల్చే ఒకే ఒక వస్తువు కొలిమికి పోయింది. ఆ తర్వాత స్టాఫ్ రూములో ఆమె పేరు దుర్బీన్ మేడం. రిటైరైన రోజున దండ వేస్తూ కూడా ఎవరో అలాగే పిలిచారని విన్నాను.

సలీం సెంటర్లోనే కూర్చొని నేను అమ్మేవాడికి ఈమెయిల్ రాశాను. వస్తువు పేరు రాయలేదు. మూడు ప్రశ్నలే అడిగాను. వెనక బొడిపె తిరుగుతుందా? ముందుది తిరుగుతుందా? రెండింటి మధ్య దూరం ఎంత? జవాబు వచ్చింది. అద్దం, రింగు తర్వాత తగిలించినవి కావని, గొట్టం మీద ఉన్న తయారీదారుడి గుర్తే వాటి మీద కూడా ఉందని, తను ముందు గమనించలేదని అతను రాశాడు. అప్పుడు నేను పేరు చెప్పాను. మరుసటి వారానికి హర్రాజు పేజీలో కెప్టెన్ పోయి హీలియోట్రోప్ వచ్చింది.

ఆ ఫోటో ప్రింటు తీయించుకొని ఆదివారం నల్గొండ పోయాను. మేడం జుట్టు తెల్లబడింది, కళ్లద్దాలు మందమయ్యాయి. ఫోటో చేతికిస్తే చూడకుండానే బల్లమీద బోర్లా పెట్టింది.

"ముందు నోటితోని చెప్పు. పేరు ఆఖర్ల."

ముప్పై దాటిన నేను చేతులు కట్టుకొని నిలబడి చెప్పాను. గొట్టం, రెండు బొడిపెలు, వెనకది తిరుగుతుంది, ముందుది తిరగదు. ఒకదాని మీద అద్దం, ఒకదాని మీద రింగు, మూడింటి మీద ఒకే గుర్తు.

"మధ్యల దూరం?"

చెప్పాను. ఆమె ఫోటో తిప్పింది. రింగు మీద వేలు పెట్టింది.

"లక్కగాజు కన్న మంచిగనే ఉన్నది రింగు," అంది. "ఇగ పేరు చెప్పు."

"హీలియోట్రోప్ మేడం."

"కాలేజీ నోటీసు బోర్డుకు పెట్టు. గుర్తుపట్టింది ఎవరో కింద రాయి."

"ఖైరున్నీసా బేగం అని రాయాలా?"

"కాదు," అంది, తల ఎత్తి. "దుర్బీన్ మేడం అని రాయి. పెద్దక్షరాలు."

అలాగే రాశాను. స్టాఫ్ రూములో అప్పటివాళ్లు ఇద్దరు ఇంకా ఉన్నారు. ఇద్దరూ వచ్చి చదివారు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను ఒక విడిభాగం ఇచ్చి, పేరు చెప్పొద్దంటాను. కదిలేదేమిటి, కదలనిదేమిటి అని అడుగుతాను. గోడకు ఆ ఫోటో ఇంకో ప్రతి ఉంది. దాన్ని చూపించి వాళ్లు అడిగితే మేడం గురించి చెప్తాను, ఆఖరున దూరం చెప్తాను. మా గొట్టం మీద బొడిపెల మధ్య ఆరుంబావు అంగుళాలు. ఇంటర్నెట్ హర్రాజు గొట్టం మీద ఆరుంబావు అంగుళాలు.