కిలో దాటి తూగిన చక్కెర

ఆ రోజుల్లో పోట్లాటకు కూడా ఒక పద్ధతి ఉండేది (బహుశా మా ఇద్దరికే ఉండేదేమో). 1969లో నేను క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. కోస్తా నుంచి వచ్చి నల్లకుంటలో స్థిరపడిన ఇంటిపిల్లని. నాతో కలిసి పనిచేసేది సిద్దిపేట అమ్మాయి. అందరూ లాయరమ్మ అనేవారు. మా నియమం ఒకటే: ఎదుటి మనిషి వాదాన్ని ఆమె ఒప్పుకునేలా చెప్పాకే కాదనాలి.

దుకాణాల్లో కిలో చక్కెర నిజంగా కిలో తూగుతుందా అన్నది మా పరిశీలన. ముషీరాబాద్ దుకాణం పొట్లం ఒకటి కిలో దాటి తూగింది. మనమే తప్పు తూచాం, ఆ కార్డు తీసేద్దామన్నాను. (అప్పట్లో ప్రతి అంకె చిల్లులు పొడిచిన అట్టముక్కగా కంప్యూటర్లోకి వెళ్ళేది.) "తక్కువ తూచినోన్ని నమ్ముతవ్, ఎక్కువ తూచినోన్ని నమ్మవా? ఏం లెక్కనే నీది!" అంది లాయరమ్మ. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల మర్నాటి నుంచి కంప్యూటర్ గది మూత. సాయంత్రంలోగా కార్డులు ఇవ్వకపోతే ఏడాది పని పోయినట్టే.

కార్డులు ఇవ్వడానికి బయల్దేరి తార్నాక దాకా అరుచుకుంటూనే వచ్చాం. ఉద్యమం కోసం రోడ్డుకడ్డంగా కూర్చున్న క్యాంపస్ కుర్రాళ్ళు నా కోస్తా యాస విన్నారు, ఎర్రబడిన ఆమె మొహం చూశారు. "ఏందక్కా, ఏమంటున్నది ఈమె?" అంటూ వాళ్ళ నాయకుడు లేచాడు. నేను కార్డుల కట్టను వెనక్కి దాచుకున్నాను.

"ఆగు తమ్మీ, ఆమె ఇప్పుడు నా దిక్కు చెప్తున్నది. చెప్పనియ్యి," అంది లాయరమ్మ.

నిజాయితీ గల వ్యాపారి ఉండడని ముందే తేల్చేస్తే అది శాస్త్రం కాదని చెప్పాను. "అవ్, గదే!" అని ఆమె నా పక్షం అందుకుంది. మనకు ముచ్చటగా ఉందని ఒక అంకెను కాపాడుకోవడమూ శాస్త్రం కాదంది. నేనైతే అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

నాయకుడు తల గోక్కున్నాడు. "నీ మాట ఆమె చెప్తది, ఆమె మాట నువ్వు చెప్తవ్. మరి లొల్లి ఎవరితోనక్కా?"

మొదట నవ్వింది ఆమే. నవ్వుతూనే, ఆ కార్డుతో ఒకసారి, లేకుండా ఒకసారి లెక్క చేయించి రెండూ రాద్దామని అక్కడే ఒప్పుకున్నాం. కుర్రాళ్ళే దారిచ్చారు. కార్డులు సమయానికి అందాయి.

రెండు జవాబులకీ తేడా దశాంశ బిందువు తర్వాత మూడో స్థానంలో! హమ్మయ్య అనుకున్నాను, కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. తేడా ఎంతో ముందు కాగితం మీద చూసుకుని, ఆ తర్వాత పోట్లాడుకోవచ్చని లెక్కలు చదివిన మా ఇద్దరికీ తోచలేదు. తోచి ఉంటే ఆ మధ్యాహ్నం తార్నాక దాకా నోరు మూసుకుని నడిచేవాళ్ళం. అంత బుద్ధి అప్పుడే రానందుకు ఇవాళ సంతోషిస్తున్నాను.