మచ్చను ముందు చూసినవాడు

నా ముఖం మీది మచ్చను మొట్టమొదట చూసింది డాక్టరు కాదు, మా అమ్మ కాదు, రోజుకు పదిసార్లు అద్దం చూసుకునే నేనూ కాదు. తార్నాకలో మెయిన్ రోడ్డు వెనక సందులో రెండు కుర్చీల సెలూన్ నడిపే ఒకాయన. అందుకు ఆయనకు నేను చేసిన మర్యాద ఏమిటో చెబుతాను. చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతాను.

అప్పుడు నేను క్యాంపస్ హాస్టల్లో ఉంటూ జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా హాస్టల్లో సగం మంది జుట్టుకూ గడ్డానికీ ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లం. మనిషి శుభ్రం. ఎవరు కూర్చున్నా కొత్త బ్లేడు కాగితం విప్పి, మన కళ్ల ముందే సగానికి విరిచి కత్తికి ఎక్కించేవాడు.

ఒక ఆదివారం నా ముఖం మీద నురగ తుడిచి, కింది పెదవి పక్కన బొటనవేలు ఆనించి, లైటు వైపు తిప్పి చూశాడు.

"సార్, గీడ తోలు రంగు తగ్గింది. పోయినసారి లేకుండె. గీసేముందు చూసిన, గీ మచ్చల వెంట్రుకలు గూడ రెండు మూడు తెల్లగైనయి. గాటు గాదు, పొక్కు గాదు. స్కిన్ డాక్టర్‌కు చూపించుకోండ్రి. మొదట్లనే పోతే మంచిది."

పక్క కుర్చీలో ఉన్నవాడికి వినబడకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గడ్డం గీసేవాడు నాకు రోగం చెబుతాడా అనుకున్నాను. "నువ్వెప్పుడు డాక్టర్‌వైనవ్? నీ పని నువ్వు చేస్కో" అన్నాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు. గీసిన చోట పటిక రాసి పంపించాడు.

గదికి వచ్చి కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని చూశాను. నిజమే. వరిగింజంత మచ్చ, అంచులు ఇంకా తేలలేదు, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయి ఉంది. దురద లేదు, నొప్పి లేదు, పొట్టు రాలడం లేదు. కుడి చేతి రెండు వేళ్ల చివర్లు కూడా అట్లాగే పాలిపోయి కొన్నాళ్లయింది. ల్యాబులో గ్లవ్స్ పడక అట్లా అయిందనుకుని ఊరుకున్నాను. చర్మానికి రంగునిచ్చే కణాలు చచ్చిపోతే ఏమవుతుందో డిగ్రీ పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి నేను. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ చెప్పాను. కానీ మా ఊళ్లో బొల్లి వచ్చిన దర్జీకి ఎవరూ మంచినీళ్లు చేతికిచ్చేవారు కాదు, గ్లాసు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగేవారు. అద్దంలో నాకు ఆ అరుగే కనిపించింది.

డాక్టరు దగ్గరికి పోలేదు. గడ్డం పెంచాను. పెరిగిన గడ్డంలో ఆ చోట వెంట్రుకలు తెల్లగా వచ్చి ఇంకా బాగా కనబడ్డాయి, మచ్చా పెరిగింది. ఒక మధ్యాహ్నం మెస్ లైన్లో నా ముందున్నవాడు వెనక్కి తిరిగి, "ఏందన్నా, మూతికాడ గది?" అన్నాడు. అంటూనే తన ప్లేటు ఛాతీకి దగ్గరగా తీసుకున్నాడు. ఎప్పుడూ నా ప్లేట్లోంచి అప్పడం లాక్కుని తినేవాడు వాడు.

"గా సెలూన్ల పాత బ్లేడుతోని గీసిండు. గందుకే గిట్లైంది" అన్నాను.

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. వెంటనే అందరి ముఖాల్లో జాలి. "అయ్యో అన్నా, కేసు వెయ్యాల్సింది" అన్నాడొకడు. నేను జబ్బు మనిషిని కాకుండా పోయి, మోసపోయిన మనిషినయ్యాను. ఆ సుఖం తలకెక్కింది. సాయంత్రం హాస్టల్ గ్రూపులో నేనే మెసేజ్ పెట్టాను, ఆ దుకాణానికి ఎవరూ పోవద్దని.

ఎవరూ పోలేదు. హాస్టల్ మాట సందులోకి, అక్కడి అపార్ట్‌మెంట్లలోకి పాకింది. నెల తర్వాత అటుగా వెళ్తే ఆయన గిరాకీలు కూర్చునే కుర్చీలో తనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే మనిషి లేడు. నాకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది. ఇది కూడా రాయాలి కనక రాస్తున్నాను.

మచ్చ పెదవి మీదికి పాకాక గానీ హబ్సిగూడలో స్కిన్ డాక్టర్ దగ్గరికి పోలేదు. ఆవిడ గదిలో లైట్లు ఆర్పి, ఊదారంగు దీపం పెట్టి చూసింది. మచ్చలు సున్నం కొట్టినట్టు మెరిశాయి. బొల్లి అనే చెప్పింది. మందులున్నాయి, మొదట్లోనే వచ్చి ఉంటే రంగు తిరిగి రావడానికి ఇంకా మంచి అవకాశం ఉండేది అంది. "సెలూన్లో పాత బ్లేడు వాడారండీ" అన్నాను. అబద్ధాన్ని అప్పటికి నేనే నమ్మడం మొదలుపెట్టాను.

"ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు బాబూ. బ్లేడుతో రాదు" అని నా చెయ్యి పట్టుకుని దీపం కింద పెట్టింది. "మరి ఈ వేళ్లకు ఎవరు గడ్డం గీశారు?"

తల తీసేసినట్టయింది.

ఆ రోజే గ్రూపులో నిజం రాశాను, తప్పు నాదని. జవాబుగా రెండు థమ్సప్ గుర్తులు వచ్చాయి. ఒకడు మాత్రం, "సరేలే అన్నా, అయినా ఎందుకొచ్చిన రిస్క్" అని పెట్టాడు. నేను నేర్పిన భయాన్ని నేను వెనక్కి తీసుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున సెలూన్‌కు వెళ్లాను. ఆయన కుర్చీ దులుపుతున్నాడు. బెంచీ మీద ఒక ముసలాయన తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నలుగురికీ తెలిసేలా ఇక్కడే గీయించుకుంటే చాలు, అంతా సర్దుకుంటుందని నా లెక్క. ఎవరినీ అడక్కుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. "అన్నా, నాదే తప్పు. అబద్ధం చెప్పిన. గడ్డం గీయి" అన్నాను.

ఆయన బ్లేడు ముట్టుకోలేదు.

"మీరే చెప్పిన్రని నాకెర్కనే సార్. లేవుండ్రి."

"గిది అంటేది గాదన్నా. డాక్టరమ్మ చెప్పింది."

"నాకు చెప్తున్నరా? మా మేనత్తకు ఒళ్లంత గిదే. ఆమె కలిపిచ్చిన బువ్వ తినే నేను పెరిగిన." బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు. మొదటిసారి నాకు చెప్పినప్పటి గొంతే. "మిమ్మల్ని గీ కుర్చీల కూర్చోబెడితే, గా ఉన్న ఒక్కడు గూడ లేచిపోతడు. నా పిల్లలేం తినాలె? లేవుండ్రి సార్."

లేచాను. ముసలాయన అప్పటికే సగం లేచి నా మూతి వైపు చూస్తున్నాడు. అది చూసి సెలూన్ ఆయన గబగబా గుడ్డ మీద స్పిరిట్ పోసి, నేను చేతులు ఆనించిన చోటల్లా కుర్చీని రెండుసార్లు తుడిచాడు.