ఎవరూ నొక్కని కాలింగ్ బెల్

కింది ఫ్లాట్ అక్కది కరీంనగర్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో నేను ఈ బిల్డింగ్‌కి వచ్చిన మొదటి వారమే నన్ను చెల్లెని చేసేసుకుంది. బెల్ మోగితే చాలు, తలుపు తీయకముందే పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టడం ఆమె అలవాటు. వచ్చింది పార్సిల్ ఇచ్చేవాడైనా సరే. ఇక్కడివాళ్లు టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంట్, లేకుండా ఒకరి గడప తొక్కరని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టేది కాదు.

ఆ చలికాలం ఆమె రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. మందు ఎక్కించడానికి హాస్పిటల్‌లో టెర్మిన్ ఇచ్చారు. అక్క వెళ్లనంది. కూతురికి తొందరగా పాలు మాన్పించి ఉద్యోగంలో చేరిన పాపమే ఇలా చుట్టుకుందని అత్తగారి వైపువాళ్లు ఫోన్‌లో అన్నారట. ఇప్పుడు కిటాకు, అంటే ఇక్కడి పిల్లల బడికి, వెళ్లే ఆ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కూడా మానేసింది.

"నేను చేసుకున్నదే చెల్లె. అనుభవించాలె గద" అంది.

నాకు ఒళ్లు మండింది. నేను పనిచేసేది ల్యాబ్‌లో. రోజూ చూసేది ఇలాంటి గడ్డల కణాలనే. కోపంలో తెలిసిన సైన్సంతా అప్పజెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

టెర్మిన్ ముందురోజు నేను వాళ్లింట్లో ఉండగా బెల్ మోగింది. అక్క చాయ్ పెట్టి తలుపు తీసింది. ఎవరూ లేరు. మోత మాత్రం ఆగలేదు. పాప కిటికీలోంచి కిందికి చూసి "నీమాండ్ దా, మమ్మీ" అంది, అక్కడా ఎవరూ లేరని. అయినా అక్క గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసింది. నేను కిందికి దిగి చూస్తే, వీధి తలుపు దగ్గరి బెల్ బటన్ చలికి గడ్డకట్టి లోపలే ఇరుక్కుపోయి ఉంది. గోటితో దాన్ని బయటికి లాగి పైకి వచ్చేసరికి వీధంతటికీ సరిపడా చాయ్ పొంగుతోంది.

అప్పుడు తట్టింది నాకు.

"అక్కా, నీ రిపోర్టులో ఉన్నది ఇదే, నీ గడ్డలో జరిగింది ఇదే. కణం పైన బయటి కబురు అందుకునే రిసెప్టర్లుంటాయి. పెరగమని కబురొస్తేనే కణం పెరగాలి. నీ గడ్డలో ఆ రిసెప్టర్లు తయారుచేసే జీన్‌కి కాపీలు ఎక్కువై, కణం పైన రిసెప్టర్లు కిక్కిరిసిపోయాయి. ఎవరూ పిలవకపోయినా మోగుతూనే ఉన్నాయి. కణమేమో నీలాగే, ఆపకుండా చాయ్ పెడుతోంది. రేపు ఎక్కించే మందు వెళ్లి వాటినే పట్టుకుని ఆ మోతని అడ్డుకుంటుంది."

అక్క పొయ్యి ఆపింది. "మరి ఆ బటన్ ఎవలు ఇరికించిన్రు? నేనేనా?"

"ఎవరూ కాదక్కా. కణం కాపీ అయ్యేటప్పుడు దొర్లిన పొరపాటు. పాలు మాన్పించినందుకే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు."

"నా బిడ్డకు అంటదా?"

"నీ గడ్డలో పుట్టిన మార్పు అది. పాపకి అంటుకునేది కాదు."

రోగం తెలిసిన రోజు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాప ఏమీ అర్థంకాక మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

అక్క కళ్లు తుడుచుకుని దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"పొద్దుగాల ఎన్నింటికి పోవాలె చెల్లె?" అంది.