సిట్టింగ్ ఎమ్మెల్యే

టీవీలో ‘సిట్టింగ్ ఎమ్మెల్యే’ అన్న మాట వింటే నాకిప్పటికీ మగ్గిన మామిడిపళ్లలో కలిసిన అగరొత్తుల వాసన వస్తుంది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, ముసునూరు దగ్గర మా ఊరి తోటల మధ్య నుంచి ఎమ్మెల్యేగారి జీపు వచ్చింది. నేను పుట్టకముందు నుంచీ ఆయనే ఎమ్మెల్యే. ఈసారి మైకు లేదు, జిందాబాద్‌లు లేవు. దండల మధ్య కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. గడ్డం కింద నుంచి నడినెత్తికి తెల్లగుడ్డ కట్టి ఉంది. పెద్దవాళ్లు ‘సిట్టింగ్ ఎమ్మెల్యే’ అనేది ఇందుకే కాబోలు అనుకున్నాను.

“మా రోడ్డు వేయించండి!” అని, నాయనమ్మ ఎప్పుడూ అడిగే మాటే అరిచాను.

జీపు గోతిలో దిగింది. ఆయన మెల్లగా తల ఊపారు.

“నాయనమ్మా, సరేనన్నారు!”

నాయనమ్మ నా నోరు మూసింది.

“ఆయన పోయారే తల్లీ. వాళ్ల కులంలో శవాన్ని కూర్చోబెట్టే తీసుకెళ్తారు.”

బతికుండగా ఆమె అడిగిన ప్రతిసారీ ఆయన అలాగే తల ఊపేవారట. ఆ చివరిసారి ఊపించింది మాత్రం ఆయన వేయించని రోడ్డే.